మాడుగుల కొండ మీద భూర్జవృక్షం

ముందుగా హాజరుపట్టీ చదువుతాను. ఆ రోజు మాడుగుల కొండ ఎక్కినవాళ్లు నలుగురు: నేను, అనగా సూరిబాబు, అప్పటికి వయసు ఇరవై ఒకటి, సర్వే పరీక్ష ప్యాసై నాలుగు నెలలు; మా అక్క అత్తగారు మహాలక్ష్మమ్మగారు; మా ఊరు చోడవరం సిద్ధాంతిగారు; కొండ కింది ఊళ్లో మాకు దారి చూపడానికి ఒప్పుకున్న సోమన్న. వెంట వెళ్లిన సామాను: పూజ సంచీ ఒకటి, నీళ్ల చెంబు ఒకటి, పులిహోర మూట ఒకటి, నా నోటుపుస్తకం ఒకటి, ఎత్తు కొలిచే యంత్రం ఒకటి. గడియారంలా ఉండే ఆ యంత్రాన్ని ఎక్కేముందు ఒక్కసారి తోలుసంచీలోంచి తీసి, ముల్లు ఎక్కడుందో చూసి ఉంటే మీకు ఇది చదివే శ్రమ తప్పేది.

దిగేటప్పుడు కూడా నలుగురమే దిగాం. సామానులో లోటు లేదు. కాని ఎక్కేటప్పుడు హాయిగా ఊగిన చేతుల్లో ఆరు, దిగేటప్పుడు ఆగకుండా గోకుతున్నాయి. ఆ ఆరు చేతుల బాధ్యత పూర్తిగా నాది. ఎలాగో వరసగా చెబుతాను.

ఆంధ్ర రాష్ట్రం వచ్చి అప్పటికి ఏడాది కాలేదు. రాష్ట్రానికి నాలాంటివాళ్లు చాలా అవసరమని నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకానికి కారణం ఆరు వారాల శిక్షణ. సర్వే నేర్పడానికి మమ్మల్ని డెహ్రాడూన్ అవతలి కొండల్లోకి పంపారు. ఆఖరి వారం ఒక మంచుకొండ దగ్గరదాకా నడిపించారు. ఇక చెట్లు పెరగలేక ఆగిపోయే చోట, తెల్లటి బెరడుతో, చలికి ముడుచుకున్న ముసలివాళ్లలా వంగిన చెట్లు కొన్ని కనిపించాయి. మా మాస్టారు వాటిని చూపించి, "ఇవి భూర్జవృక్షాలు. వీటిని ఎవరూ నాటలేదు. కొండల్లో వాటంతటవే పెరుగుతాయి. మన పూర్వులు ఈ బెరడు మీదే గ్రంథాలు రాసుకున్నారు" అన్నారు. నేను వెంటనే నోటుపుస్తకం తీసి ఆ చెట్టు గుర్తులు ఎనిమిది రాసుకున్నాను. ఎనిమిదోది "పదివేల అడుగులకు పైన." వేళ్లు కొంకర్లు పోవడంవల్ల అది కాస్త చిన్న అక్షరాలతో పడింది. న్యాయంగా చెప్పాలంటే, పడింది.

ఇంటికి వచ్చాక నాకు మాట్లాడటానికి హిమాలయాలు తప్ప వేరే విషయం లేకపోయింది. పప్పులో ఉప్పు తక్కువైతే, మంచుకొండల్లో ఉప్పు ఎలా నిలవ చేస్తారో చెప్పేవాణ్ని. మా అమ్మ ఓపికగా వినేది. మా నాన్న తాలూకా ఆఫీసు గుమాస్తా కాబట్టి వింటున్నట్టు కూర్చోవడం ఆయనకు ఉద్యోగరీత్యా అలవాటు.

సరిగ్గా అప్పుడు మహాలక్ష్మమ్మగారు అనకాపల్లి నుంచి బస్సు దిగారు.

మా అక్క సత్యవతికి అది తొలి కాన్పు. ఏడో నెల జరుగుతోంది. అమ్మ అప్పటికే వెనక గదికి సున్నం వేయించి, పాత నేతచీరలు ఉతికి మడతపెట్టి సిద్ధంగా ఉంది. అక్క దగ్గర్నుంచి వారానికొక కార్డు. అన్ని కార్డుల్లోనూ అందరి క్షేమాలూ అడిగి, చివర ఇరుకైన చోట ఒకే వాక్యం: "అమ్మా, నీ చింతచిగురు పప్పు కల్లోకి వస్తోంది." ఆ వాక్యం చదివినప్పుడల్లా అమ్మ పైటచెంగుతో కళ్లు ఒత్తుకుని, చింతచెట్టు ఎక్కమని నన్ను పురమాయించేది. తినే మనిషి లేకపోయినా చిగురు ఎండబెట్టేది.

మహాలక్ష్మమ్మగారు కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, నాన్నతో అన్నారు.

"అన్నయ్యగారూ, మా ఇంటి ఆచారం మీకు పెళ్లిలోనే సెప్పేను. తొలిచూలు గుంట పురిటికి వెళ్లాలంటే భూర్జపత్రం మీద రాసిన రక్ష సేతికి కట్టాల. అది పుట్టింటోళ్లే తేవాల. కట్టేకే ఊరి పొలిమేర దాటాల."

"తెలుసు చెల్లెమ్మా. మూలికల కొట్లో చెప్పి ఉంచేను," అన్నాడు నాన్న.

"ఆ కొట్టాయన్ని నేనూ అడిగేను. ఈ ఏడు ఉత్తరాది సరుకు రాలేదంట. ఎప్పుడొస్తాదో తెలీదంట."

"పోనీ రాగిరేకు మీద రాయిద్దామా?"

"రాగిరేకేటి. ఐదు తరాల నుంచీ భూర్జపత్రమే. మా అత్తగారు నాకు కట్టేరు, ఆవిడకి వాళ్లత్తగారు కట్టేరు. దొరికితే పంపుతాను. దొరక్కపోతే పురుడు మా ఇంట్లోనే పోస్తాను. నాకు మాత్రం సేతులు లేవా ఏటి?"

వంటింట్లో గిన్నె కింద పడింది. అమ్మ గిన్నెలు పడేసే మనిషి కాదు.

నేను నోరు తెరిచాను. ఆ క్షణంలో మా ఇంటి పెంకు ఒకటి జారి నా నెత్తిన పడి ఉంటే ముగ్గురి ఒళ్లు బాగుపడేవి. పెంకులు గట్టిగా ఉన్నాయి.

"భూర్జపత్రం అంటే ఏటో అనుకుంటన్నారు. చెట్టు బెరడు. అంతే," అన్నాను. "ఆ చెట్టు కొండల్లో దానంతటదే పెరుగుతుంది. నా కళ్లతో చూసేను. మనకి మాత్రం కొండలు లేవా?"

"మన కొండల్లో ఉన్నాదంటావేటిరా?" అన్నాడు నాన్న.

"ఉంది. మాడుగుల వెళ్తంటే బస్సులోంచి కనపడింది. తెల్లటి మాను, తళతళలాడతంది."

ఇది అబద్ధం కాదని మనవి. కనపడింది. మూడు మైళ్ల దూరం నుంచి, కిటికీ పక్కన కూర్చున్న మనిషి తలపాగా మీదుగా కనపడింది.

మహాలక్ష్మమ్మగారు నన్ను కిందినుంచి పైకి చూశారు. "ఏం బాబూ, చదువుకున్నోడివి, తెలిసే సెప్తన్నావా?"

"ఎనిమిది గుర్తులు రాసుకున్నానండి," అని నోటుపుస్తకం చూపించాను.

ఆవిడ పుస్తకం చూడలేదు. "అయితే నేనూ వస్తాను. నా కళ్లతో సూసేకే నమ్ముతాను" అన్నారు.

అమ్మ వంటింటి గడపలోకి వచ్చి నావైపు చూసింది. పుట్టి బుద్ధెరిగాక అమ్మ నన్ను అంత గౌరవంగా చూడటం అదే మొదటిసారి. ఆ చూపుకోసం నేను ఆ సాయంత్రం మర్రిచెట్టుని చూపించి మామిడి అని కూడా చెప్పి ఉండేవాణ్ని.

సిద్ధాంతిగారికి కబురు పెడితే ఆయన పరమానందంతో ఒప్పుకున్నారు. ఆయన జన్మలో భూర్జపత్రం మీద రాశారు గాని, భూర్జవృక్షాన్ని చూడలేదు. కాని దానికి సంబంధించిన నియమాలు మాత్రం ఆయన దగ్గర సిద్ధంగా ఉన్నాయి. వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పారు.

"ఒరే సూరీ, విను. ఒకటి, చెట్టుకి పూజ చేసి అనుమతి అడగాల. రెండు, ఇనుము తగలకూడదు, చేత్తోనే ఒలవాల. మూడు, ఒలిచిన పట్ట నేల మీద పడకూడదు."

"నేల మీద పడకుండా నేను పైటచెంగు పడతాను," అన్నారు మహాలక్ష్మమ్మగారు.

ఈ మూడో నియమాన్ని గుర్తుంచుకోండి. నేను జీవితాంతం గుర్తుంచుకుంటాను.

మర్నాడు పొద్దున్నే మాడుగుల బస్సెక్కి, అక్కణ్నుంచి ఎడ్లబండి మీద కొండ కిందికి చేరాం. అక్కడ సోమన్న దొరికాడు. కొండల్లో జిగురు ఏరి సంతలో అమ్ముకునే మనిషి. వయసు యాభై దాటి ఉంటుంది. నేను చెట్టు వర్ణన మొదలుపెట్టగానే, సగంలోనే, "ఓ, అదా. రండి బాబూ" అని ముందు నడిచాడు. శాస్త్రీయ వర్ణనకు ఉన్న శక్తి చూశారా అన్నట్టు నేను సిద్ధాంతిగారి వైపు చూశాను.

గంటసేపు ఎక్కాం. ఏప్రిలు ఎండ. మహాలక్ష్మమ్మగారు ఒక్కసారి కూడా కూర్చోలేదు. సిద్ధాంతిగారు ఏడుసార్లు కూర్చున్నారు. ఆఖరికి ఒక రాళ్లగుట్ట మలుపు తిరగగానే, అదిగో.

నిజం చెప్పాలి, అందమైన చెట్టు. ఆకు ఒక్కటి లేదు. ఒళ్లంతా సున్నం కొట్టినట్టు తెలుపు. బెరడు పలచటి కాగితాల్లా లేచి గాలికి రెపరెపలాడుతోంది. కొమ్మల చివర ఎర్రటి కాయలు, చుక్కల్లా అయిదేసి కలిసి, మఖమల్లు గుడ్డ చుట్టినట్టున్నాయి. సిద్ధాంతిగారు చేతులు జోడించారు.

నేను నోటుపుస్తకం తీసి పరీక్ష ప్రారంభించాను. తెల్లటి బెరడు: ఉంది. కాగితంలా ఊడుట: ఊడుతోంది. రాతినేల, కొండవాలు, ఎవరూ నాటకపోవుట: మూడూ సరి. రంపపు పళ్ల ఆకు: ఆకే లేదు కాబట్టి పళ్లు లేవని రుజువు కాలేదు, సరి. బెరడు మీద అడ్డగీతలు: ఇవి బొత్తిగా కనపడలేదు. దగ్గరికి వెళ్లి వెతగ్గా వెతగ్గా మానుకు కింది భాగంలో గాట్లు కనపడ్డాయి. నిలువుగా ఉన్నాయి. నేను మెడ పక్కకు వంచి చూశాను. అడ్డంగా కనిపించాయి. సరి.

"ఈ గాట్లు చూశారా," అని అందరికీ వివరించాను. "ఎలుగుబంట్లు గోళ్లు పదును పెట్టుకున్న గుర్తులివి."

"ఎలుగు కాదు బాబూ," అన్నాడు సోమన్న. "నానే. బంక కోసం పెట్టేను. ఇది తపసి సెట్టు గదా."

"మీరు తపసి అంటారు. శాస్త్రంలో భూర్జం అంటారు."

"మా తాత కాడి నుంచీ తపసే బాబూ."

"మీ తాత హిమాలయాలు చూశాడా?"

"లేదు బాబూ. ఈ సెట్టుని సూసేడు."

మహాలక్ష్మమ్మగారు సిద్ధాంతిగారి వైపు తిరిగారు. "ఏటండీ పంతులుగారూ, ఈయన తపసంటన్నాడు, ఆ బాబు భూర్జమంటన్నాడు. ఏది నిజం?"

సిద్ధాంతిగారు అప్పటికే చెట్టు మొదట్లో నీళ్లు చల్లి, చొక్కా లేని ఒంటిమీద కండువా సర్దుకుని కూర్చున్నారు. ఎనిమిదోసారి కూర్చున్న మనిషి లేచి దిగాలంటే కష్టం. "తపస్సు చేసే మునులు రాసుకున్న చెట్టు గనక తపసి అన్నారమ్మా. రెండూ ఒకటే" అన్నారు.

మిగిలింది ఎనిమిదో గుర్తు. ఎత్తు. భుజానికి యంత్రం వేలాడుతోంది. తియ్యబోయాను కూడా. కాని మనసులో ఒక లెక్క వేసుకున్నాను. ఎనిమిదింట ఏడు కలిశాయి. ఏడు బై ఎనిమిది, నూటికి ఎనభై ఏడున్నర. మా పరీక్షల్లో ముప్ఫై అయిదుకే ప్యాసు. ఎనభై ఏడున్నర వచ్చినవాణ్ని ఇంకో ప్రశ్న అడగటం ఏ పరీక్షలోనూ లేదు. యంత్రం సంచీలోనే ఉండిపోయింది.

సిద్ధాంతిగారు చెట్టును అనుమతి అడిగారు. చెట్టు ఏమీ అనలేదు. అది ఒప్పుకున్నట్టు ఆయన ప్రకటించారు.

కింది బెరడంతా సోమన్న గాట్లే. జానెడు మచ్చలేని పట్ట కావాలంటే పైకి ఎక్కాలి. నేను పంచె ఎగ్గట్టాను.

"బాబూ, ఎక్కితే ఎక్కు గాని, ఆ కాయలు కదపకు," అన్నాడు సోమన్న. "నూగుంటాది. ఒంటికి తగిల్తే మంట, దురద."

నేను చెట్టు సగంలో ఆగి, మెట్టు మీద నిలబడ్డ మాస్టారిలా జవాబు చెప్పాను. "భూర్జం కాయలకి నూగు ఉండదు. ఇది భూర్జం. అంచేత ఈ కాయలకి నూగు లేదు."

"అలగా," అన్నాడు సోమన్న. అని, మర్యాదగా ఇరవై అడుగులు వెనక్కి నడిచి ఒక బండ చాటున నిలబడ్డాడు.

మంచి పట్ట దొరికింది. జానెడున్నర పొడవు, చెయ్యి పట్టి లాగితే సర్రున వస్తోంది. కింద మహాలక్ష్మమ్మగారు పైటచెంగు రెండు చేతులా పరిచి, ముఖం పైకెత్తి నిలబడ్డారు. పక్కనే సిద్ధాంతిగారు కళ్లు మూసుకుని మంత్రం అందుకున్నారు.

"వదిలేస్తన్నానండి, పట్టుకోండి."

"ఒగ్గు బాబూ, ఒగ్గు."

పట్ట ఆఖరి అంగుళం దగ్గర మొండికేసింది. నేను కొమ్మ మీద కాలు తన్ని గట్టిగా లాగాను. పట్ట వచ్చింది. దాంతోపాటు కొమ్మ ఊగింది. ఊగిన కొమ్మ పై కొమ్మను తట్టింది. పండి, ఎండి, పగలటానికి సిద్ధంగా ఉన్న కాయలన్నీ ఒక్కసారిగా రాలాయి. వాటిలో చాలా భాగం నియమం తప్పకుండా, నేలను తాకకుండా, పరిచిన పైటచెంగులోనే పడ్డాయి. మిగతావి సిద్ధాంతిగారి వీపుమీద. కంటికి కనపడనంత సన్నటి నూగు ఎండలో బంగారు పొడిలా మెరుస్తూ నిదానంగా దిగింది. చూడటానికి పూలవాన. అందులో నా వాటా నా మెడలోంచి చొక్కాలోకి వెళ్లింది.

అయిదు లెక్కపెట్టేంతసేపు ఏమీ జరగలేదు.

ఆ తర్వాత సిద్ధాంతిగారి మంత్రంలో స్వరం మారింది. కళ్లు మూసుకునే ఒక చేత్తో వీపు అందుకోబోయి, అందక, మంత్రం ఆపి, చెట్టుకు వీపు ఆనించి ఎలుగుబంటి లాగా రుద్దుకోవడం మొదలుపెట్టారు. నేను ఇందాక వర్ణించిన దృశ్యం అక్షరాలా నిజమైంది, జంతువు ఒక్కటే తేడా.

"ఇదేటిది, చీమలా?" అన్నారు మహాలక్ష్మమ్మగారు. మెడ గోక్కున్నారు. చెయ్యి గోక్కున్నారు. గోకిన చెయ్యిని ఇంకో చెయ్యి గోకింది. "ఒరే బాబూ, ఏటి పోసేవురా నా మీద? ఒళ్లంతా నిప్పులు సెరుగుతన్నాది."

"నూగమ్మగోరు," అన్నాడు బండ చాటునుంచి సోమన్న. "గోకకండి. గోకితే ఇంకా లోపలికెళ్తాది. గెడ్డలో బురద పూసి ఆరబెట్టాల. ఎండి రాలితే నూగూ రాల్తాది."

గెడ్డ అంటే అక్కడి కొండవాగు. దిగువనే ఉంది. పావుగంటలో ముగ్గురం ముఖాలతో సహా నల్లటి బురద పూసుకుని మూడు బండల మీద వరసగా కూర్చున్నాం, రంగులు వేయడానికి ఆరబెట్టిన మట్టిబొమ్మల్లా. నడుమ మహాలక్ష్మమ్మగారు, కళ్లు తప్ప ఏమీ కనపడటం లేదు. ఆ కళ్లు నామీదే ఉన్నాయి. సోమన్న మా పులిహోర తింటున్నాడు. తినగలిగిన చేతులు అతనివే.

చేసే పని ఏమీ లేక నేను యంత్రం తీశాను. ముల్లు చూశాను. అక్కడి ఎత్తు పదకొండు వందల నలభై అడుగులు. భూర్జవృక్షానికి తక్కువైనది ఎనిమిది వేల ఎనిమిది వందల అరవై అడుగులు.

"ఏటి సూస్తన్నావు బాబూ?" అన్నారు మహాలక్ష్మమ్మగారు, పెదవులు కదిలితే బురద పగులుతుందని పళ్లమధ్యనుంచి.

"ఎత్తండి."

"ఏటంటన్నాది?"

"ఇది తపసి చెట్టే అంటన్నాది."

సిద్ధాంతిగారు బురద పగిలేలా నిట్టూర్చారు.

బస్సులో మా పక్కన ఎవరూ కూర్చోలేదు. చోడవరంలో దిగాక మహాలక్ష్మమ్మగారు అనకాపల్లి బస్సు వైపు చూసి, తనవైపు చూసుకుని, "ఈ వేషంతో మా వీధిలో దిగితే నా కోడలు కూడా గుర్తుపట్టదు" అని మా ఇంటికే వచ్చారు. వీధిలోకి ఎదురొచ్చిన అమ్మ ముఖంలో నిన్నటి గౌరవం కాసేపు వెతుక్కుని, దొరక్క, పెరటిదారిన లోపలికి పోయాను.

ఆ రాత్రికే, మెడలోంచి నూగు జారి, ఆవిడ వీపంతా దద్దుర్లు. వేపాకు నూరి, కొబ్బరినూనె కాచి అమ్మ సిద్ధం చేసింది. "ఇటు తిరగండి వదినగారూ, రాస్తాను."

"వద్దమ్మా. వియ్యపురాలి సేత ఒళ్లు రుద్దించుకుంటే మా ఇంటికి అప్రతిష్ఠ."

"మరెలాగండీ, వీపు మీకు అందదు గదా."

మహాలక్ష్మమ్మగారు అందుకోవడానికి కుడిచేత్తో ఒకసారి, ఎడమచేత్తో ఒకసారి ప్రయత్నించారు. గోడకు చేరగిలబడ్డారు. లేచారు. ఆచారం ఒకవైపు, దురద ఒకవైపు. ఐదు తరాల ఆచారమే గాని, దురద అప్పటికి పది గంటలది, మంచి వయసులో ఉంది. తెల్లవారేసరికి ఆవిడ నాన్నను పిలిచారు.

"అన్నయ్యగారూ, మా వాడికి కబురెట్టండి. కోడల్ని తీసుకురమ్మని."

నాన్న గుమాస్తా కదా, నిబంధన గుర్తు చేయకుండా ఉండలేకపోయాడు. "రక్ష లేకుండా పొలిమేర..."

"పురిటికి కాదండీ. నా వీపుకి."

మధ్యాహ్నం బస్సుకి అక్క దిగింది. వెనక బావ, బావ నెత్తిమీద ట్రంకుపెట్టె, చంకలో పరుపుచుట్ట, చేతిలో పచ్చడి జాడీ. అమ్మ ఎదురెళ్లి అక్కను పట్టుకుని, నవ్వుతూ, ఏడుస్తూ, ఏ పని ముందు చేయాలో తెలియక రెండూ చేసింది. మహాలక్ష్మమ్మగారు చాపమీద బోర్లా పడుకునే తల తిప్పి ఆ సామాను చూశారు.

"ఒసే సత్యా, నా వీపుకి ఇన్ని చీరలెందుకే?"

"ఎన్నాళ్లు పడతాదో తెలీదు గదా అత్తా," అంది అక్క, అరచేతిలో నూనె పోసుకుంటూ.

నాలుగు రోజులు అక్క అత్తగారి వీపుకి నూనె రాసింది, అమ్మ అక్కకి చింతచిగురు పప్పు వండింది. అయిదో రోజు దద్దుర్లు పూర్తిగా పోయాయి. ఇక అక్క మా ఇంట్లో ఉండటానికి కారణం లేదు. నేనైతే రెండో చెట్టు గురించి కూడా ఆలోచించాను. మహాలక్ష్మమ్మగారు తలంటు పోసుకుని, మంచి చీర కట్టుకుని, సంచీ సర్దుకుని వరండాలోకి వచ్చారు. అక్క ట్రంకుపెట్టె పక్కన తలవంచుకుని నిలబడింది.

"అదెందుకే ఆ పెట్టి?"

"మీతో రావాలి గదా అత్తా."

"ఎలగొస్తావు? ఇక్కణ్నుంచి అనకాపల్లి వెళ్లాలంటే మళ్లీ పొలిమేర దాటాలా వద్దా?"

"దాటాలి."

"సేతికి రక్ష ఉన్నాదా?"

"లేదు."

"మరి ఎలగ దాటతావు? మా ఇంట్లో ఐదు తరాలుగా రక్ష లేకుండా ఎవరూ దాటలేదు. ఆ పత్రం దొరికిందాకా ఇక్కడే ఉండు," అని చెప్పి, చెప్పులు తొడుక్కుని, నావైపు తిరిగారు. "నువ్వు మాత్రం ఎతక్కు బాబూ."

అక్కకి మగపిల్లవాడు పుట్టాడు, మా వెనక గదిలోనే. ఉత్తరాది సరుకు వచ్చిందని మూలికల కొట్టాయన కబురు పంపేసరికి వాడు బోర్లా పడుతున్నాడు.

పురుడు వెళ్లిన రోజున, పీటల మీద కూర్చున్న సిద్ధాంతిగారి సమక్షంలో, స్నానం చేసి తడిబట్టలతో నేను ప్రమాణం చేశాను: ఇకమీదట ఏ చెట్టునైనా ఆకు, పువ్వు, కాయ, ఎత్తు, దాని పక్కన పుట్టి పెరిగిన మనిషి మాట, ఈ అయిదూ చూడకుండా పేరు పెట్టి పిలవను, ఎంత మంది అమ్మలు ఎంత గౌరవంగా చూసినా సరే. సిద్ధాంతిగారు అక్షింతలు కాస్త దూరంనుంచే వేశారు.

ఆ ప్రమాణం చేసి ఇప్పటికి నాలుగేళ్లు. ఈ నాలుగేళ్లలో నేను నలుగురి ఎదుట ధైర్యంగా పేరు చెప్పిన చెట్లు కొబ్బరి, తాడి. మొత్తం రెండు.